మాలపల్లిని పాఠంగా పెట్టినప్పుడు దాని మీద పడిన నిషేధాన్ని కూడా పెట్టండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల తెలుగు బోర్డ్ ఆఫ్ స్టడీస్ అధ్యక్షులకు, సభ్యులకు

నమస్కారం.

నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పే మాస్టార్ని. సిలబస్ మారినప్పుడల్లా మీ సమావేశంలో తీసుకున్న నిర్ణయం మా క్లాసు గదిలోకి వచ్చేసరికి ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూస్తుంటాను. ఈ ఉత్తరాన్ని ఆఫీసు ద్వారా పంపితే ఫైల్లో చేరి ఊరుకుంటుంది. పిల్లలు ఏం చదవాలన్నది వాళ్ల తల్లిదండ్రులకూ, పుస్తకాలు కొని చదివే అందరికీ సంబంధించిన సంగతి కనక అందరి ముందూ రాస్తున్నాను.

ఒకప్పుడు చెడ్డ పుస్తకాలని, ప్రమాదకరమైన పుస్తకాలని ముద్ర పడిన నవలలు కొన్నింటిని ఇవాళ మనం క్లాసిక్స్ అని పాఠం చెబుతున్నాం. చాలా సంతోషం. కానీ ఆ ముద్ర ఎవరు వేశారో, ఎందుకు వేశారో, ఎవరు పోరాడితే పోయిందో మన పాఠంలో ఉండదు. రచయిత పుట్టిన ఏడు, పోయిన ఏడు, బిరుదులు, రచనల పట్టిక ఉంటాయి. నిషేధం గురించి ఉంటే గింటే ఒక వాక్యం. విద్యార్థికి ఏమనిపిస్తుందంటే, మంచి పుస్తకం ఎప్పుడూ మంచి పుస్తకంగానే ఉందనీ, పెద్దలందరూ కలిసి మొదటి రోజు నుంచే దాన్ని నెత్తిన పెట్టుకున్నారనీ. ఇది చరిత్రకు అన్యాయం. ఆ పుస్తకం కోసం నష్టపోయినవాళ్లకు ఇంకా పెద్ద అన్యాయం.

మాలపల్లి నవలనే తీసుకోండి.

దాన్ని రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారిది గుంటూరు జిల్లా వేములూరుపాడు. ఐర్లండు వెళ్లి డబ్లిన్‌లో బారిష్టరు చదివొచ్చారు. వితంతు వివాహాలు జరిపించారు. గుంటూరులో ఆడపిల్లల చదువు కోసం శారదానికేతనం స్థాపించారు. పల్నాడు పుల్లరి సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి, రాయవెల్లూరు జైల్లో మాలపల్లి రాశారు. బెల్లంకొండ రాఘవరావు గారు 1922లో దాన్ని అచ్చు వేయించారు. మరుసటి ఏడు, 1923లో, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. దాని మీద శాసనసభలో చర్చ జరిగింది. 1928లో, కొన్ని మార్పులు చేశాక, ప్రచురణకు అనుమతి దొరికింది. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ నవలను పాఠ్యపుస్తకంగా ఎంచుకుంది. 1936లో ప్రభుత్వం మళ్లీ నిషేధం పెట్టి, పాఠ్యపుస్తకంగా తీసెయ్యమని ఉత్తర్వు ఇచ్చింది. 1937లో రాజాజీ నాయకత్వాన కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక గానీ ఆ బాధ వదల్లేదు.

ఈ వరుసను మీరందరూ ఎప్పుడో ఒకప్పుడు చదివే ఉంటారు. అయినా ఇంకోసారి నెమ్మదిగా చూడమని అడుగుతున్నాను. 1936కూ 1937కూ మధ్య మాలపల్లిలో ఒక్క అక్షరం మారలేదు. ఏ విమర్శకుడూ అందులో కొత్త సౌందర్యం కనిపెట్టలేదు. ఎన్నికలు జరిగాయి, ప్రభుత్వం మారింది, పుస్తకం బయటపడింది. "కాలమే తేలుస్తుంది", "మంచి సాహిత్యం ఎప్పటికైనా నిలుస్తుంది" అని మనం క్లాసులో తేలిగ్గా అనేస్తుంటాం. నాకు ఆ మాట మింగుడుపడదు. కాలం ఏ పుస్తకాన్నీ కాపాడదు. జైల్లో రాసినవాడు, డబ్బు పెట్టి అచ్చు వేసినవాడు, సభలో లేచి అడిగినవాడు, సర్కారుకు ఇష్టం లేదని తెలిసీ పాఠంగా పెట్టినవాడు, అలా పేరున్న మనుషులు, పేరు మిగలని మనుషులు కలిసి కాపాడతారు. వాళ్లలో ఎవరు వెనక్కి తగ్గినా పుస్తకం పోతుంది. అలా పోయిన తెలుగు పుస్తకాలు ఎన్నో మనకు తెలిసే దారి కూడా లేదు.

ఆ మనుషుల్లో మీ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఉన్నారు. మాలపల్లిని మొదట పాఠ్యపుస్తకంగా ఎంచుకున్నది ఒక విశ్వవిద్యాలయపు తెలుగు పండితులు. ప్రభుత్వం ఒకసారి నిషేధించిన పుస్తకమని వాళ్లకు బాగా తెలుసు. అయినా పెట్టారు. ఆ నిర్ణయం తీసుకున్న సమావేశం గురించి మన సాహిత్య చరిత్రల్లో ఎక్కడా గట్టిగా నాలుగు వాక్యాలు లేవు. బోర్డ్ ఆఫ్ స్టడీస్ చేయగలిగిన అతి ధైర్యమైన పనుల్లో అది ఒకటి. మీరు దాన్ని మీ వారసత్వంగా చెప్పుకోవాలి.

ఇప్పుడు మా క్లాసు గది సంగతి.

మాలపల్లి పెద్ద నవల. సెమిస్టరు చిన్నది. జనరల్ తెలుగులో అయితే నవలలోంచి ఒక భాగం, దాని ముందు రచయిత పరిచయం. ఎంఏలో నవల పేరు ఉంటుంది, చదివేది మాత్రం గైడు. పరీక్షలో వచ్చే ప్రశ్న మీకూ తెలుసు, నాకూ తెలుసు: మాలపల్లి నవలలోని గాంధేయ భావాలను వివరించండి. సంఘసంస్కరణ, అస్పృశ్యతా నివారణ, అహింస అని ఉపశీర్షికలు పెట్టుకుని పిల్లలు మూడు పేజీలు నింపుతారు. మంచి మార్కులు వేస్తాం. ఆ మూడు పేజీలు చదివిన మద్రాసు ప్రభుత్వపు గుమాస్తాకు ఆ పుస్తకాన్ని ఎందుకు ఆపాలో అర్థమయ్యేది కాదు. మన పాఠంలో ఉన్న మాలపల్లి నిషేధించడానికి వీల్లేనంత సాధువైన పుస్తకం.

అసలు మాలపల్లి అలాంటిది కాదు. అందులో మాలవాడలో పుట్టిన రామదాసు కుటుంబం ఉంది. ధాన్యం ధర పెరిగేసరికి కూలి కింద గింజలు కొలవడం మాని డబ్బులు చేతిలో పెడతామనే ఆసాములు ఉన్నారు. కూలీలను కూడగట్టి నిలబడిన సంగదాసు ఉన్నాడు. ఆసామి చౌదరయ్య కొట్టిన దెబ్బకు ఆ సంగదాసు చచ్చిపోతాడు. తమ్ముణ్ణి పోగొట్టుకుని వెంకటదాసు ఊరుకోడు. తక్కెళ్ల జగ్గడై, ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచే దండుకు నాయకుడవుతాడు. తండ్రి రామదాసుదేమో భక్తి, ఓర్పు. ఈ ఇద్దరిలో ఎవరిది సరైన దారో నవల తొందరపడి తేల్చదు. ఆ కుటుంబాన్ని నేరస్థుల సెటిల్మెంటులోకి తోస్తారు. అక్కడ అధికారం ఉన్నవాడు రామదాసు కూతురు జ్యోతి మీద కన్నేస్తాడు, ఆ పిల్ల ప్రాణం పోతుంది. దొరల కాలంలో, కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద నడిచిన సెటిల్మెంట్లు మన కోస్తా జిల్లాల్లోనే ఉన్నాయి. స్టూవర్టుపురం పేరు వినని తెలుగువాడు లేడు. అంటే ఆ అధ్యాయాలు చదివే అధికారికి అది కథలా కనిపించి ఉండదు. తన శాఖ మీద రాసిన అభియోగంలా కనిపించి ఉంటుంది.

ఇవన్నీ ఉన్నాయి కాబట్టే పుస్తకం మీద చెయ్యి పడింది. ఇవన్నీ ఉన్నాయి కాబట్టే నూరేళ్ల తర్వాత కూడా మనం దాన్ని చదువుతున్నాం. నిషేధానికి కారణమైనదీ, గొప్పతనానికి కారణమైనదీ చాలామటుకు ఒకే పేజీల్లో ఉన్నాయి. మనం పాఠం తయారు చేసేటప్పుడు సరిగ్గా ఆ పేజీలే వదిలేస్తున్నాం.

ఒక క్లాసులో జరిగింది చెబుతాను. సిలబస్‌లో లేకపోయినా కూలి తగాదా ఘట్టం నేనే జిరాక్స్ తీయించి పంచాను. రెండో బెంచీలో కూర్చునే అమ్మాయి ఎప్పుడూ పెద్దగా మాట్లాడేది కాదు. సెలవుల్లో వాళ్లమ్మతో కలిసి మిరప కోతకు వెళ్తుందని నాకు తెలుసు. కాగితం చదివి లేచింది. "మాకూ ఇదే గొడవ సార్. రేటున్న ఏడు డబ్బులు తీసుకోమంటారు, రేటు పడిపోయిన ఏడు కాయలు తీసుకోమంటారు. ఎట్టా చూసినా మాకే తక్కువ" అంది. క్లాసు ఒక్కసారిగా కదిలింది. ఇద్దరు కుర్రాళ్లు, వాళ్లది కాస్త పొలమున్న కుటుంబం, రైతుకు మాత్రం ఏం మిగులుతోందని ఎదురు తిరిగారు. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. చివర్లో ఆ అమ్మాయే అడిగింది: "దీనికే బ్యాన్ చేశారా సార్?" అవునమ్మా, ఇలాంటివాటికేనని చెప్పాను. "అయితే మరి ఆ ఆర్డర్‌లో ఏం రాశారు?"

ఆ ప్రశ్నకు చూపించడానికి నా చేతిలో కాగితం లేదు. మా కాలేజీ లైబ్రరీలోనూ లేదు. ఏ తెలుగు పాఠ్యపుస్తకంలోనూ నాకు కనిపించలేదు. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఆ అమ్మాయి అడిగిన ఆ ప్రశ్నే.

నిషేధపు కాగితాలను పుస్తకంలోనే పెట్టే పని వేరేచోట్ల చేశారు. ఫ్రాన్స్‌లో ఫ్లోబేర్ రాసిన మదాం బోవరీ నవల మీద 1857లో కేసు నడిచింది. మతానికీ నీతికీ అపచారమని ప్రాసిక్యూటర్ ఎర్నెస్ట్ పినార్ వాదించాడు. ఫ్లోబేర్ తరఫున సేనార్ వాదించి గెలిచాడు. ఫ్లోబేర్ నవలను ఆ లాయరుకు అంకితమిచ్చాడు. అంతటితో ఆగలేదు. 1873లో వచ్చిన కూర్పులో నవలతో పాటు ప్రాసిక్యూటర్ వాదన, లాయరు వాదన, తీర్పు అన్నీ కలిపి అచ్చు వేశారు. నిందించినవాడి మాటలు కూడా పుస్తకంలోనే ఉన్నాయి! పినార్ వాదన చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఆ నవలలో ఏ వాక్యానికి ఎంత శక్తి ఉందో చాలామంది మెచ్చుకునేవాళ్లకన్నా ఆయనకే బాగా తెలిసింది. భయపడినవాడు శ్రద్ధగా చదువుతాడు. అందుకే నిషేధపు ఉత్తర్వును నేను సాహిత్య విమర్శగానే చూస్తాను. అభిప్రాయం తప్పు కావచ్చు, చదివిన తీరులో పదును ఉంటుంది.

జేమ్స్ జాయిస్ నవల యులిసిస్ అమెరికాలో అశ్లీలం కాదని 1933 డిసెంబరులో జడ్జి వూల్జీ తీర్పు ఇస్తే, మరుసటి నెలలో వచ్చిన ర్యాండమ్ హౌస్ ప్రతిలో ఆ తీర్పునే ముందు పేజీల్లో పెట్టారు. ఇంగ్లండులో లారెన్స్ నవల లేడీ చాటర్లీస్ లవర్ మీద 1960లో నడిచిన కేసులో ప్రచురణకర్త పెంగ్విన్ నిర్దోషి అని జ్యూరీ తేల్చాక, పెంగ్విన్ వాళ్లు 1961 ముద్రణను ఆ పన్నెండు మంది జ్యూరీ సభ్యులకు అంకితమిచ్చారు. ఆ పుస్తకం తెరిచిన ప్రతి పాఠకుడికీ అది తనదాకా ఎలా వచ్చిందో మొదటి పేజీలోనే తెలుస్తుంది. మన దేశంలో అదే నవలను అమ్మినందుకు బొంబాయి పుస్తకాల షాపు యజమానుల్లో ఒకరైన రంజిత్ ఉదేశీకి పడిన శిక్షను 1964లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ నవల ఇవాళ ఏ పెద్ద పుస్తకాల షాపులోనైనా దొరుకుతుంది. ఇంగ్లీషు ఎంఏ వాళ్లు దాని మీద సెమినార్ పేపర్లు రాస్తారు. ఆ షాపు యజమాని సంగతి మాత్రం లా కాలేజీల్లో తప్ప ఎక్కడా చెప్పరు.

తెలుగులో నిందలన్నీ సర్కారు నుంచే రాలేదు. ఇది కూడా పాఠంలో ఉండాలి, ఎందుకంటే దొరల మీదికి నెట్టేసి మనం చేతులు దులుపుకోవడం తేలిక. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం నవల కాదు, శృంగార కావ్యం. కానీ దాని కథ ఇక్కడ చెప్పుకోక తప్పదు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారు 1910లో ఆ కావ్యాన్ని పూర్తి పాఠంతో ప్రచురణకర్తలు వావిళ్ల వారి చేత వేయించారు. 1911లో ప్రభుత్వం ప్రతులు జప్తు చేసింది. అంతకు ముందే దాన్ని దుయ్యబట్టినవారు ఎవరో కాదు, మనం నవలా సాహిత్యానికి ఆద్యుడిగా, స్త్రీవిద్య కోసం పాటుపడిన మహనీయుడిగా కొలిచే వీరేశలింగం గారు. మగ కవులు రాసిన శృంగారానికి లేని అభ్యంతరం ఆడకవి దగ్గరే ఎందుకొచ్చిందని నాగరత్నమ్మ గారు నేరుగా అడిగారు. ఆయన రచనల్లోనూ శృంగారం ఉందని చూపించారు. 1947లో ప్రకాశం పంతులు గారి హయాంలో ఆ నిషేధం పోయింది. సంస్కర్త కూడా పొరపడతాడనీ, దేవదాసీ కుటుంబంలో పుట్టిన ఒక విదుషీమణి ఆయన్ను తర్కంతో నిలదీసిందనీ తెలుసుకుంటే మన పిల్లలకు వీరేశలింగం గారి మీద గౌరవం తగ్గదు. మనుషుల్ని నిండుగా చూడటం అలవాటవుతుంది.

ఇక చలం మైదానం. 1927 నాటి నవల. దాని మీద తీర్పు చెప్పింది కోర్టు కాదు, ఇళ్లు. దిండు కింద దాచుకుని చదివిన పుస్తకం అది. కొన్ని తరాల వాళ్లు పైకి ఛీ అని, లోపల చదువుకున్నారు. ఇప్పుడు చలం పేరు ప్రతి సాహిత్య చరిత్రలో ఉంది, ఆయన మీద పీహెచ్‌డీలు ఉన్నాయి. కానీ క్లాసులో మైదానం చెప్పాలంటే మా చాలామందికి ఇప్పటికీ టెన్షనే. ఒక కాలేజీలో పని చేసినప్పుడు ఆ పాఠం "క్లుప్తంగా ముగించండి, అమ్మాయిలు కూడా ఉన్నారు కదా" అని యాజమాన్యం నుంచి మాట వచ్చింది. అమ్మాయిలున్నారు కాబట్టే విపులంగా చెప్పాలి. నవల నాయిక రాజేశ్వరి లాయరు భర్తను వదిలి అమీర్‌తో వెళ్లిపోయింది కాబట్టి స్వేచ్ఛ దొరికిందని ఒకరంటారు. అదే అమీర్ గర్భం వద్దన్నప్పుడు ఆ స్వేచ్ఛ ఏమైందని ఇంకొకరు అడుగుతారు. ఈ రెండో ప్రశ్న వేసింది నీతివాదులు కాదు, స్త్రీవాదులు. ఇవాళ పంతొమ్మిదేళ్ల అమ్మాయికి ఈ రెండు ప్రశ్నలూ తన బతుక్కి సంబంధించినవే. క్లుప్తంగా ముగిస్తే ఆమెకు మిగిలేది "చలం స్త్రీ స్వేచ్ఛను కోరాడు" అనే రెండు మార్కుల జవాబు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నిషేధం పడినంత మాత్రాన ఏ పుస్తకమూ గొప్పదైపోదు. పనికిమాలిన పుస్తకాలు బోలెడు నిషేధానికి గురయ్యాయి, న్యాయంగానే మరుగునపడ్డాయి. అలాగే క్లాసిక్ అయినంత మాత్రాన విమర్శించకూడదనీ లేదు. మాలపల్లి మీద దళిత విమర్శకులు గట్టి ప్రశ్నలు వేశారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన రచయిత మాలవాడను ఎంతవరకు చూడగలిగాడు, రామదాసును అంత వైష్ణవ భక్తుడిగా, అంత ఓర్పుమంతుడిగా మలచడం వెనక ఎవరి కోరిక ఉంది అని అడిగారు. నా మటుకు నాకు ఈ ప్రశ్నలు చాలా విలువైనవి. అవి అడగాలంటే నవల మొత్తం చేతిలో ఉండాలి. నిందకూ విమర్శకూ తేడా అక్కడే ఉంది. విమర్శకుడు నువ్వూ చదువు అంటాడు. నిషేధించేవాడు నేను చదివాను కదా, నీకెందుకు అంటాడు.

గతం గురించి మాత్రమే అయితే ఇంత వేడుకోను. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 2011లో ఏ.కె.రామానుజన్ రామాయణాల మీద రాసిన వ్యాసాన్ని, నిపుణుల్లో ఎక్కువమంది ఉంచమన్నా, అకడమిక్ కౌన్సిల్ తీసేసింది. అదే విశ్వవిద్యాలయంలో 2021లో మహాశ్వేతాదేవి కథ ద్రౌపది ఇంగ్లీషు సిలబస్‌లోంచి పోయింది. పక్కనే తమిళనాడులో రచయిత పెరుమాళ్ మురుగన్‌కు, ఆయన మాదొరుబాగన్ నవల మీద వచ్చిన గొడవతో, 2015 జనవరిలో తనలోని రచయిత చచ్చిపోయాడని ప్రకటించుకోవాల్సి వచ్చింది. 2016లో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన నిలబడి, ఆయన్ను మళ్లీ రాయమంది. ఇలాంటి ఫిర్యాదు రేపు మీ టేబుల్ మీదికి రావచ్చు. ఏదో ఒక సంఘం వాళ్లు రెండు పేరాలు అండర్‌లైన్ చేసి తెస్తారు. వాట్సాప్‌లో ఆ రెండు పేరాలే తిరుగుతాయి. పై నుంచి ఫోను వస్తుంది. అప్పుడు మీరేం చేస్తారో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోమని కోరుతున్నాను.

దీనికి బెంగాలీ నవల ప్రజాపతి దారి చూపిస్తుంది. సమరేశ్ బసు రాసిన ఆ నవల 1967లో దేశ్ పత్రిక పూజా సంచికలో వచ్చింది. అశ్లీలమని కేసు పెట్టారు, కింది కోర్టులో శిక్ష పడింది, హైకోర్టు కూడా శిక్షనే సమర్థించింది. బుద్ధదేవ్ బసు లాంటి పెద్ద కవి వచ్చి సాక్ష్యం చెప్పినా లాభం లేకపోయింది. 1985లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. పద్దెనిమిదేళ్లు! ఆ తీర్పులో నాకు నచ్చింది న్యాయమూర్తులు చెప్పిన పద్ధతి. ముందు రచయిత స్థానంలో నిలబడి అతను ఏం చెప్పదలచుకున్నాడో చూడాలి, తర్వాత పాఠకుడి స్థానంలో, అన్ని వయసుల పాఠకుల స్థానంలో నిలబడి చూడాలి, పుస్తకాన్ని మొత్తంగా చదవాలి అన్నారు. కోర్టుకు సాధ్యమైన పని తెలుగు శాఖకు సాధ్యం కాదా? ఫిర్యాదు వచ్చిన పుస్తకాన్ని బోర్డు సభ్యులందరూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే వరకు నిర్ణయం తీసుకోకూడదని ఒక నియమం రాసుకోండి. తీసేయాలనుకుంటే కారణం సంతకాలతో రాసి బయటపెట్టండి. 1936 నాటి ఉత్తర్వు ఇచ్చినవాళ్లు కనీసం ఉత్తర్వు అంటూ ఇచ్చారు. ఇప్పుడు సిలబస్ రివిజన్ అనే పేరుతో పాఠం చప్పుడు లేకుండా మాయమైపోతుంది, ఎవరిని అడగాలో కూడా తెలియదు.

మాలపల్లి విషయంలో నేను అడిగేది చేయగలిగినదే. ఎంఏలో పూర్తి నవల ఒక పేపరుగా పెట్టండి. డిగ్రీలో భాగమే పెట్టగలిగితే కూలి తగాదా ఘట్టం, సెటిల్మెంటు అధ్యాయాలు అందులో ఉండేలా చూడండి. గాంధేయ భావాల ప్రశ్నను కొన్నేళ్లు పక్కనపెట్టి, ఈ నవలను ప్రభుత్వం ఎందుకు నిషేధించిందని మీరు భావిస్తున్నారో నవల ఆధారంగా రాయండి అని అడగండి. గైడులో దానికి రెడీమేడ్ జవాబు ఉండదు, పిల్లలు పుస్తకం తెరవక తప్పదు. మీరు నిర్ణయించే ప్రతి 1922 నాటి పాఠమా, 1928లో మార్పులు చేసిన పాఠమా, తర్వాత సరిదిద్దినదా అనేది మొదటి పేజీలో చెప్పండి. ఆ మార్పులేమిటో పక్కపక్కన పెట్టి చూపే పాఠ పరిష్కరణ ఒకటి విశ్వవిద్యాలయం తరఫున రావాలి. పద్యకావ్యాలకు ఎన్ని శుద్ధప్రతులు వచ్చాయి! నూరేళ్లు దాటిన ఈ నవలకు ఆ మర్యాద ఇంకా చేయాల్సే ఉంది.

నిషేధపు ఉత్తర్వులు, శాసనసభ చర్చలు ఎక్కడ దొరుకుతాయంటే, మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. విశ్వవిద్యాలయం నుంచి పరిచయ పత్రం ఉంటే పరిశోధకులను లోపలికి రానిస్తారు. ఎప్పుడూ అవే పాత్రచిత్రణలు, అవే కవితా శిల్పాల మీద పీహెచ్‌డీలు చేయిస్తున్నాం. ఇద్దరు విద్యార్థులకు ఫెలోషిప్ ఇచ్చి, కొన్ని నెలలు చెన్నైలో ఉండే ఖర్చు పెట్టి, 1923, 1936 ఫైళ్లు వెతికి నకళ్లు తెమ్మనండి. వాటిని తెలుగులోకి తెచ్చి, శాసనసభలో ఎవరేమన్నారో కలిపి, మాలపల్లి పాఠం వెనక అనుబంధంగా వేయండి. వావిళ్ల వారి మీద నడిచిన వ్యవహారం తాలూకు కాగితాలు కూడా దొరికితే రాధికా సాంత్వనం పాఠానికి అదే పని చేయొచ్చు.

వచ్చే సిలబస్ సమావేశపు ఎజెండాలో దీన్ని ఒక అంశంగా చేర్చమని కోరుతున్నాను. ఫైళ్లు వెతకడానికి వెళ్లే విద్యార్థులతో సెలవుల్లో నేనూ వస్తాను, నా ఖర్చు నేనే పెట్టుకుంటాను. మీరు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా కారణాలతో సహా జవాబు రాయండి. ఆ జవాబు కూడా క్లాసులో చదివి వినిపిస్తాను.

భవదీయుడు,
ఒక డిగ్రీ కళాశాల తెలుగు అధ్యాపకుడు